వాయిదాల సంసారము

"వెల యెంత?" అని యడుగుట మనవారి పూర్వాచారము. సరకును చేతబట్టి తిప్పి చూచి, వెల విని, బేరమాడి, చేతిలోని సొమ్ము చాలినచో కొనుటయు, చాలనిచో పంట చేతికి వచ్చిన పిమ్మట చూతమని మరలివచ్చుటయు జరుగుచుండెడిది. నేడు విజయవాడలోగాని వరంగల్లులోగాని యే పెద్దయంగడిలో నిలిచి విన్నను ఈ ప్రశ్న యరుదుగా వినవచ్చును. "నెలకెంత పడును?" అని కొనువాడడుగుచున్నాడు. అంగడివాడును వెలను చిన్నయక్షరములతోను, నెలవాయిదాను పెద్దయక్షరములతోను వ్రాసి గోడకంటించుచున్నాడు. చూచుట కిది స్వల్పమైన మార్పుగానే యుండును. కాని మన సామాన్యగృహస్థుల యాదాయవ్యయముల లెక్క తలక్రిందులగుటకు ఈ యొక్క ప్రశ్న మారుటయే మూలమని మా యభిప్రాయము.

వెలను విన్నవాడు దానిని తనకున్న మొత్తము కలిమితో సరిచూచుకొనును. వాయిదాను విన్నవాడు ఆ నెల జీతముతో మాత్రమే సరిచూచుకొనును. అరువదివేల రూపాయల వస్తువు చిన్నయుద్యోగికి భయము గొల్పును. నెలకు 5,600 రూపాయలు చొప్పున పండ్రెండు నెలలన్నచో భయము తీరును. అట్లే మోటారుసైకిలునకొక వాయిదా, ఫ్రిజ్జునకొక వాయిదా, పిల్లవాని బడిరుసుమునకొక వాయిదా, సెల్‌ఫోనునకొక వాయిదా. ఏ యొక్కటియు విడిగా జూచిన పెద్దది కాదు. అన్నియు కూడి నెల మొదటి వారములోనే జీతమును మ్రింగివేసినపుడుగాని యవి యొకే యప్పు యొక్క ముక్కలని తెలియరాదు. పిమ్మట బియ్యమునకును పాలకును చేబదులు. చేబదులు తీర్చుటకు మరియొక యప్పు. ఈ తుది యప్పు వైభవమునకు చేసినది కాదు, కడుపునకు చేసినది. కాని దానికి కారణము మొదటి నాలుగు వాయిదాలే.

అప్పుచేసి పప్పుకూడు తినుటను మనవారు తరతరములుగా పరిహసించిరి. అప్పుచేసి వైభవమునకు బోవువానిని సుమతీశతకకారుడును నిందించెను. అయినను ఈ పరిహాసములు నేడు పనిచేయకుండుటకు కారణము గలదు. పూర్వము అప్పు పుట్టుట కష్టము. షావుకారు ఇల్లెరిగినవాడు, వాని పొలమెంతయో, బావిలో నీరున్నదో లేదో, పెండ్లికెదిగిన కూతుండ్రెందరో యెరిగినవాడు. హద్దు మీరినపుడు "ఇక పుట్టదు" అని మొగముమీదనే చెప్పెడివాడు. ఆ షావుకారును మేము మెచ్చుకొనుట లేదు. పొలముపై కన్నువేసియే యప్పిచ్చినవారును, నోటు తిరగవ్రాయించి వడ్డీకి వడ్డీ కట్టినవారును వారిలో గలరు. కాని యాతని నిరాకరణము, ఏ యుద్దేశముతో చేసినదైనను, సంసారమున కొక కట్టగా నుండెను. నేటి ఋణదాత యే నగరముననో యుండును. మనుష్యుని చూడడు, వాని ఋణచరిత్రను చూచును. గతమున వాయిదాలు సరిగా కట్టెనా లేదా యని యా చరిత్ర చెప్పగలదు. ఇంట ముసలితల్లి మందులకెంత యగునో, ఈ యేడు మిరపకు తెగులు వచ్చునో, అది చెప్పజాలదు.

ఈ ఋణభారమంతయు జనుల దుబారా వలననే కలిగినదనువారు చాలమంది గలరు. వారి వాదము సగమే నిజము. పంజాబు రైతుల యప్పులను పరిశీలించి మాల్కమ్ డార్లింగు అను నధికారి 1925లో నొక గ్రంథము ప్రకటించెను. కరవుసీమలలోనే యప్పులు హెచ్చుగా నుండునని అంతవరకు అందరును తలంచుచుండిరి. ఆయన కనుగొన్న దేమనగా, సంపద పెరిగినచోట అప్పును పెరిగినది. కాలువలు వచ్చి భూమి వెల పెరుగగా, దానిని నమ్మి యప్పిచ్చువారు పెరిగిరి. ఇచ్చువారుండగా పుచ్చుకొనువారు వెనుదీయలేదు.

ఇట్టి కథయే మన కృష్ణా గోదావరీ మండలములందును నడచినది. 1852లో ధవళేశ్వరముకడ గోదావరికిని, 1855లో విజయవాడకడ కృష్ణకును ఆనకట్టలు పూర్తియైనవి. పల్లపుసేద్యము వ్యాపించినది, భూమి విలువ అనేకరెట్లు పెరిగినది. భూమి విలువతోపాటు దాని తాకట్టుపై పుట్టు ఋణమును పెరిగెను. ఆ సొమ్ములో కొంత సేద్యమునకును, పొలము కొనుటకును పోగా, తక్కినది పెండ్లిండ్లకును మేడలకును వ్యాజ్యములకును పోయెను. మదరాసు రాజధాని యందలి గ్రామఋణము 45 కోట్ల రూపాయలని 1895 ప్రాంతమున ఫ్రెడరిక్ నికల్సను గారు అంచనా కట్టిరి. 1930 నాటి బ్యాంకింగు విచారణసంఘము 150 కోట్లనెను. 1935లో సత్యనాథన్ గారి నివేదిక సుమారు 200 కోట్లనెను. నలుబదేండ్లలో నాలుగు రెట్లకు మించినదన్నమాట.

ఈ తుది రెండు లెక్కల మధ్య నున్న యైదేండ్ల కథను మన పెద్ద రైతుకుటుంబములవారు తమ తాతలవలన వినియే యుందురు. 1929లో మొదలైన ఆర్థికమాంద్యముతో ధాన్యము ధర ఇంచుమించు సగమునకు పడిపోయెను. భూమి వెలయు దానిని వెంబడించెను. నోటులో వ్రాసిన యంకెమాత్రము ఒక్క కాసైనను తగ్గలేదు. నూరు బస్తాలతో తీరవలసిన యప్పు రెండువందల బస్తాలకు గాని తీరనిదయ్యెను. మంచిదినములలో భూమి వెలనుజూచి చేసిన యప్పును చెడ్డదినములలో పంటవెలతో తీర్పవలసివచ్చెను. తుదకు 1938లో రాజగోపాలాచారి గారి మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిమోచనచట్టమును తెచ్చినది. పాతబాకీలపై 1937 అక్టోబరు 1వ తేదీనాటికి నిలిచియున్న వడ్డీ కొట్టివేయబడెను. అసలునకు రెట్టింపు చెల్లించియున్నచో అప్పంతయు తీరినట్లే యయ్యెను. క్రొత్త యప్పులకు వడ్డీ నూటికి సాలునకు ఆరుంబాతికకు మించరాదని నిర్ణయమయ్యెను. వడ్డీ అసలునకు మించి రెట్టింపు గారాదనుట మన ధర్మశాస్త్రములందలి నియమమే గావున, చట్టము క్రొత్తది తెచ్చినది లేదు, మరచినదానిని జ్ఞప్తికి దెచ్చినది. అనంతరము యుద్ధకాలమున ధరలు హెచ్చగా భూవసతి గలవారు తమ బాకీలు చాలవరకు తీర్చుకొనిరి. 1945లో నారాయణస్వామినాయుడు గారు జరిపిన విచారణలో తేలినదేమనగా, పెద్దరైతుల యప్పులు తగ్గినవి. భూమిలేని కూలీల యప్పులు పెరిగినవి.

ఈ పాతకథను ఇంత విరివిగా చెప్పుటకు హేతువున్నది. నాడు భూమి యెట్లో నేడు బంగారమట్లు. 2024, 2025 సంవత్సరములందు బంగారము ధర మున్నెన్నడును లేనంతగా ఎగసినది. నగల కుదువపై బ్యాంకులు ఇచ్చు ఋణము అంతకంటెను వడిగా పెరిగినది. తెలుగుదేశమున స్త్రీధనమనిన బంగారమే గదా. పది కాసుల గొలుసు నిరుడు కుదువబెట్టినవారు ఈ యేడు పోగా, "మీ గొలుసునకు ధర పెరిగినది, ఇంకను పుచ్చుకొనవచ్చును" అని పిలిచి మరికొంత ఇచ్చుచున్నారు. గొలుసు తూకమేమియు పెరుగలేదు. ఇంటివారి రాబడియు పెరుగలేదు. పెరిగినది అప్పొక్కటే. రెండున్నర లక్షలవరకు నగల విలువలో నూటికి 85 వంతులదాక ఋణమీయవచ్చునని రిజర్వుబ్యాంకు 2025 జూనులో నియమము సడలించినది. అంతకుముందు 75 వంతులే. బీదలకు షావుకారు బాధ తప్పింపవలెనను సదుద్దేశము దానిలో లేకపోలేదు. కాని ధర వెనుకకు తగ్గినచో 1930 నాటి ధాన్యపుధర యేమిచేసెనో యీ గొలుసును అదియే చేయును.

వడ్డీని గూర్చి యొకమాట. మన పల్లెలలో వడ్డీని నూటికి నెలకు రూపాయలలో చెప్పుకొందురు. రూపాయివడ్డీ యన్నచో సాలునకు పండ్రెండు. నూటికి నెలకు ఒకటింబాతిక పణము న్యాయమైన వడ్డీ యని కౌటిల్యుడు వ్రాసెను, సాలునకు పదునైదన్నమాట. రెండురూపాయల వడ్డీవానిని కఠినుడందురు, మూడురూపాయల వడ్డీవానిని రక్తము పీల్చువాడని తిట్టుదురు. అట్లు తిట్టువారే జేబులో క్రెడిట్‌కార్డు పెట్టుకొని తిరుగుదురు! బాకీ నిలిపినచో ఆ కార్డు వసూలు చేయునది సామాన్యముగా నెలకు మూడున్నర రూపాయలు, సాలునకు నలుబదిరెండు. దానిపై ప్రభుత్వపు పన్ను వేరు. లక్షరూపాయలు బాకీపడినవాడు "కనీసము చెల్లింపవలసిన మొత్తము" అని చీటిలో చూపిన అయిదువేలు కట్టి, గౌరవము నిలిచినదని సంతసించును. ఆ యైదువేలలో వడ్డీ 3,500, పన్ను 630 పోగా అసలునకు జమయగునది 870 మాత్రమే. ఇట్టి వడ్డీ నూటికి ముప్పదికి మించుట అన్యాయపు వర్తకమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో తీర్పుచెప్పెను. బ్యాంకులు సుప్రీముకోర్టునకు పోగా, 2024 డిసెంబరులో ఆ తీర్పు రద్దయ్యెను.

మరియొక మాయ "వడ్డీయే లేని వాయిదాలు". వడ్డీ లేకుండ ఎవ్వడును అప్పీయడు. ఆ సొమ్ము వెలలోనో, రాయితీని తగ్గించుటలోనో, "ప్రాసెసింగు ఫీజు" అను పేరుతోనో కలిసియుండును. 2013 సెప్టెంబరులో రిజర్వుబ్యాంకు ఈ సున్నవడ్డీ పేరును తప్పుబట్టి బ్యాంకులను వారించినది. పేరు మారినది గాని పని మారలేదు. వడ్డీ చెప్పినచోటను చెప్పు తీరు వేరు. ముందు చెప్పిన అరువదివేల వస్తువునకు "సాలునకు పండ్రెండే" యందురు. వాయిదాలన్నియు కూడినచో 67,200. పండ్రెండు శాతమే గదా యని తోచును. కాని గృహస్థుడు ఆ యరువదివేలను ఏడాదిపొడుగున ఉంచుకొనలేదు. నెలనెల తిరిగి ఇచ్చుచు వచ్చెను. నిలువపైన లెక్కించినచో అసలు వడ్డీ యిరువదియొకటి దాటును. ఈ లెక్క పదవతరగతి చదివినవాడైనను సులభముగా చేయలేడు. చేయలేడనియే అట్లు చెప్పుదురు.

ఇక పల్లెటూళ్ల మాట. 2010లో మన రాష్ట్రమున చిన్నఋణసంస్థల గడబిడ యెవ్వరును మరువరానిది. అయిదుగురు పదుగురు స్త్రీలను ఒక జట్టుగా గూర్చి, ఒకరికొకరిని పూచీగా నిలిపి, తాకట్టు లేకుండ అప్పిచ్చి, వారము వారము వసూలు చేయుట వారి పద్ధతి. ఆరంభమున నది మేలే చేసినది. పిమ్మట ఒకే వీథిలో నాలుగు సంస్థలు పోటీపడి, ఒకే యింటికి నాలుగప్పులు ఇచ్చినవి. ఒకదాని వాయిదా కట్టుటకు మరియొకదానియొద్ద అప్పు. ఒకతె కట్టలేనిచో తక్కినవారు ఆమె గుమ్మముముందు కూర్చుండవలసివచ్చెను. ఇరుగుపొరుగుల స్నేహమే వసూలు పరికరమయ్యెను. ఆత్మహత్యలు జరిగినవి. 2010 అక్టోబరులో ప్రభుత్వము అత్యవసరశాసనము చేయగా వసూళ్లు నిలిచిపోయినవి. 2022లో రిజర్వుబ్యాంకు క్రొత్త నియమములు చేసి, సాలునకు మూడులక్షలలోపు రాబడి గల యింటికి నెలవాయిదాలన్నియు కలిసి రాబడిలో సగమునకు మించరాదనెను. హద్దు లేకుండుటకంటె హద్దుండుట మేలు. కాని నెలకు ఇరువదియైదువేలు తెచ్చుకొను నింట పండ్రెండువేల యైదువందలు ఋణదాతలకు పోయినను తప్పులేదని నియమమే యొప్పుకొనుట మాకు వింతగా తోచుచున్నది.

2019లో కేంద్రప్రభుత్వపు నమూనా పరిశీలనవారు వ్యవసాయకుటుంబముల యప్పులను లెక్కించిరి. దేశమున సగము కుటుంబములు ఋణగ్రస్తములు. ఆంధ్రప్రదేశమున నూటికి 93, తెలంగాణమున నూటికి 92. సగటున ఆంధ్రప్రదేశపు రైతుకుటుంబముపై నున్న బాకీ 2,45,554 రూపాయలు. రాష్ట్రములన్నిటిలో నిదియే హెచ్చు. ఆ కుటుంబపు నెలసరి రాబడి సుమారు పదివేలయైదువందలు. తినక త్రాగక రెండేండ్లు కట్టినగాని తీరని యప్పది. ఇదియంతయు విలాసములకే పోయెనని యెవ్వరును అనరాదు. కౌలు, ఎరువులు, గొట్టపుబావులు, ఆసుపత్రి దీనిలో నున్నవి. అయినను దేశమంతటి లెక్కలో ఇట్టి కుటుంబముల యప్పులో వ్యవసాయమునకు పోయినది నూటికి 57 మాత్రమే. తక్కిన నలుబదిమూడింటిలో పెండ్లిండ్లకెంతయో, వాహనములకెంతయో, ఆ యింటివారే చెప్పవలెను.

దీనివలన దేశమునకు గల నష్టమును గూడ చూడవలెను. 1923లో పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్నమున ఆంధ్రాబ్యాంకును లక్షరూపాయల చెల్లింపుమూలధనముతో స్థాపించిరి. తెలుగువారి ఇండ్లలో చెదరియున్న చిన్న మొత్తములను ఒకచోట జేర్చి, తెలుగువారి వర్తకమునకును సేద్యమునకును పెట్టుబడిగా మలచుట దాని యుద్దేశము. సామాన్యుడు పొదుపు చేయును, బ్యాంకు దానిని పనికి బెట్టును. స్వదేశోద్యమమున బ్యాంకు అనగా నిదియే యర్థము. ఆ బ్యాంకు 2020 ఏప్రిలులో మరియొకదానియందు లీనమైనది. పేరు పోవుటకంటె మమ్ము బాధించునది దిక్కు మారుట. పూర్వము బ్యాంకివారు పొదుపు అడుగుటకు ఇంటింటికి వచ్చిరి; నేడు ఫోనుచేసి అప్పు కావలెనా యని యడుగుచున్నారు. 2022–23లో దేశమందలి కుటుంబముల నికర ధనరూపపుపొదుపు జాతీయోత్పత్తిలో ఇంచుమించు అయిదు శాతమునకు దిగినది. ఇంత తక్కువ అనేక దశాబ్దములలో లేదు. జనులు ఇండ్లును వాహనములును కొనుచున్నారు గనుక విచారింపనక్కరలేదని ప్రభుత్వమువారనిరి. ఇండ్ల విషయమున వారి మాట కొంత నిజమే. కాని 2025 మార్చినాటికి కుటుంబముల ఋణములో ఇండ్లకు గాక, ముఖ్యముగా వాడుకకే తీసిన చిల్లరయప్పులు నూటికి సుమారు 55 వంతులని రిజర్వుబ్యాంకు నివేదికయే చెప్పుచున్నది. అట్టి యప్పుతో కొన్న సెల్‌ఫోనులోని విలువగల భాగములు పరదేశములనుండి వచ్చునవే.

సెల్‌ఫోనులోనే యప్పిచ్చు యాపుల దౌర్జన్యమును 2020 చివర హైదరాబాదున జూచితిమి. అయిదువేలకును పదివేలకును అప్పిచ్చి, ఫోనులోని బంధుమిత్రుల పేరులన్నియు దొంగిలించి, వాయిదా తప్పగానే వారందరికిని దూషణసందేశములు పంపుచుండిరి. ప్రాణములు తీసికొన్నవారిలో యువకులుండిరి. రిజర్వుబ్యాంకు నియమించిన సంఘము 2021లో పరిశీలించిన సుమారు పదునొకండువందల యాపులలో ఆరువందలు చట్టవిరుద్ధములని తేలెను.

చేయదగిన పనులు కొన్ని గలవు. 2024 అక్టోబరు మొదలు, అప్పు పుచ్చుకొనువారికి వడ్డీ, రుసుములు అన్నియు కలిపి సాలునకు నికరముగా ఎంత పడునో తెలుపు ముఖ్యవివరముల కాగితమును వారికి తెలిసిన భాషలో నీయవలెనని నియమము గలదు. ఎందరు దీనిని తెలుగులో నడిగి పుచ్చుకొనుచున్నారు? అంగడిలో సంతకము చేయుటకు ముందు ఆ కాగితము చేతికి రానిదే కలము పట్టనని గృహస్థుడు పట్టుబట్టవలెను. బ్యాంకులు ఆ వడ్డీని మనవారికి తెలిసిన "నూటికి నెలకింత" అను లెక్కలోను వ్రాసినచో, మూడున్నర రూపాయల వడ్డీని చూచి సగముమంది అచ్చటనే లేచిపోదురు. ఇంటి పెద్ద తన వాయిదాలన్నిటిని ఒకే కాగితముపై వ్రాసి, ఇల్లాలికిని ఎదిగిన పిల్లలకును చూపుట మరియొక పని. పెక్కు ఇండ్లలో భర్త చేసిన యప్పు భార్యకు తెలియుట ఋణదాత మనిషి గుమ్మమెక్కిన నాడే.

పెండ్లిండ్ల విషయమున మా పాఠకులలోని భూవసతి గలవారికొక మనవి. ఊరిలో పెద్దింటివారు అయిదువేలమందికి విస్తళ్లు వేసినచో, కౌలురైతు వేయిమందికైనను వేయక తలయెత్తుకొనలేడు. పెద్దింటి వియ్యంకునకు కట్నమొక లెక్క కాకపోవచ్చును. చిన్నింటి తండ్రికి అది పదేండ్ల వాయిదా.

ప్రభుత్వము చేయవలసినది వేరొకటి యున్నది. అప్పు తీర్చలేని సామాన్యునికి మన దేశమున మర్యాదగల దారి లేదు. 2016లో చేసిన దివాలాచట్టము పెద్దకంపెనీలకు తలుపు తెరచినది. వ్యక్తుల కుద్దేశించిన భాగమును 2019లో కంపెనీలకు పూచీ నిలిచినవారి మట్టుకే అమలుపరచిరి. ఋణదాతలు కోట్ల బాకీలను కొట్టివేసి కంపెనీలతో రాజీపడుదురు. చిన్నగుమాస్తా లక్షబాకీకి 1920 నాటి పాతచట్టము క్రింద కోర్టుల చుట్టు తిరుగవలెను. మన ఊళ్లలో దానినే "ఐ.పి. పెట్టుట" యందురు. ఐ.పి. పెట్టినవాడను పేరు వినలేక, రాత్రికి రాత్రి ఊరు విడిచి బెంగుళూరునకో చెన్నపట్టణమునకో పోయి, బిడ్డల చదువు మాన్పించినవారిని మేమెరుగుదుము. 2016 చట్టపు ఆ భాగమును సామాన్యకుటుంబములకు అమలుపరపుడని మన తెలుగు పార్లమెంటుసభ్యులు సభలో నిలిచి యడుగవలెను. ఏ జిల్లాలో ఎందరు ఐ.పి. పెట్టిరో, ఎందరికి విముక్తి కలిగెనో ఆ లెక్కలను న్యాయస్థానములనుండి తెప్పించి సభముందుంచుమని మంత్రిని కోరవలెను.